సూదక్క కాదన్న పుస్తకం

ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఆవిడని అందరూ సూదక్క అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉండేదిగానీ, జీతాలు చూసే గుమాస్తా కూడా సూదక్కా అనే కేకేసేవాడు. ఆవిడ చెయ్యి తేలిక. "అయిపోయిందా? అసలు గుచ్చావా?" అని గుబురు మీసాలవాళ్ళు కూడా కళ్ళు తెరిచి ఆశ్చర్యపోయేవాళ్ళు.

చెయ్యి ఎంత మెత్తనో మనిషీ అంత మెత్తన. ఎవరైనా గదిమితే ఒక అడుగు వెనక్కి వేసేది. వరస తప్పి తోసుకొచ్చినవాడికే ముందు తీసి పంపేసేది, గొడవ వదిలిపోతుందని. బస్సులో ఎవడైనా మీద పడితే సంచీ అడ్డం పెట్టుకుని తనే జరిగేది తప్ప, ఇదేంటని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. అలా జరిగీ జరిగీ నలభై దాటేసింది.

అలాంటి మనిషికి రక్తం తాగే వాంపైర్ల కథల పిచ్చి పట్టుకుంది.

కూతురి పక్క దులుపుతుంటే దిండు కింద దొరికిందా పుస్తకం. అట్ట మీద, ఒంట్లో రక్తం లేనట్టు పాలిపోయిన మగాడు, చొక్కా లేకుండా. వాడికి వీపు ఆనించి, చేత్తో కత్తి పట్టుకుని చురచురా చూస్తున్న పిల్ల.

"ఏమే, ఏంటీ చదువు?" అంది సూదక్క.

"నీకు అర్థం కాదులే అమ్మా," అని కూతురు చెప్పులేసుకుని కాలేజీకి పోయింది.

పొద్దస్తమానం రక్తంతోనే వేగుతున్నాను, ఇంట్లో కూడా అదేనా అని గొణుక్కుంటూ, ఏముందో చూద్దామని ఒక పేజీ తిప్పింది. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, వాసనొచ్చేదాకా తల ఎత్తలేదు.

అక్కణ్ణించి మొదలు. బస్టాపు పక్కన పాత పుస్తకాల కొట్టుంటే, మా అమ్మాయి కోసం అని అడగని సంజాయిషీ చెప్పి మరీ తెచ్చుకునేది. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, సంచీలో స్టీలు డబ్బా కింద దాచేది. భోజనం వేళ ఫ్రిజ్ వెనక స్టూలు మీద కూర్చుని చదువుకునేది. ఎవరైనా వస్తే, దొంగతనం చేస్తూ దొరికినట్టు ఉలిక్కిపడి కొంగు చాటున దాచేసేది.

అందులో ఏముందని అంత ఇదైపోయిందంటే, చెప్పడం తనకీ చేతకాదు. ఆ హీరోకి మూడొందల ఏళ్ళు. ఎప్పుడూ ఆకలే. ఎదురుగా ప్రాణంలాంటి పిల్ల, దాని మెడ దగ్గర నరం కొట్టుకోవడం కూడా వినపడుతుంటుంది వాడికి. అయినా ఆగుతాడు. రమ్మని పిలవందే గడప దాటడు. ఇంట్లో కంచం పెట్టడం కాస్త ఆలస్యమైతే మొగుడి చేతి గిన్నెల మోత వినే మనిషికి, ఆకలేసినా ఆగే మగాడు ఒకడుంటాడనే మాటే ఒళ్ళు ఝల్లుమనిపించింది. ఇక ఆ పిల్ల. అది ఎవరికోసమూ జరగదు. చెయ్యి వేసినవాడి చెయ్యి విరుస్తుంది, విరిచాక క్షమించమని అడగదు. వాడికోసం ఒకసారి చదివితే దానికోసం రెండోసారి చదివేది సూదక్క.

చదవగా చదవగా నడకే మారింది. ఒకరోజు వరస తప్పి చెయ్యి చాపినాయనతో, "వెనక్కెళ్ళండి" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. ఆయన వెళ్ళాడు! ఆ రోజంతా నేల మీద కాలు నిలవలేదు. ఆ మర్నాడు ఆయా మీద, తర్వాత కూరగాయలవాడి మీద, ఆపైన సొంత మొగుడి మీద కూడా కళ్ళు చిన్నవి చేసి చూడ్డం అలవాటైంది. "కంట్లో నలకేమైనా పడిందా?" అన్నాడాయన.

అంతటితో ఆగితే బాగుండేది.

ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, బస్సు దిగి సందులోంచి నడుస్తోంది. ఒకపక్క పొడుగాటి గోడ, రెండోపక్క సైకిల్ షాపు, కాస్త అవతల పళ్ళబండి. వెనక ఎవరో వస్తున్నారు. ఆవిడ వేగం పెంచితే ఆ అడుగులూ వేగం పెంచాయి. "ఏమండీ... ఆగండి..." అని బొంగురుగా, ఎగశ్వాసతో పిలుపు. ఆగలేదు. ఇంతలో సంచీ మీద చెయ్యి పడింది.

పాత సూదక్క అయితే పరిగెత్తేది. ఈ సూదక్క గిర్రున తిరిగి, సంచీ ఎత్తి, స్టీలు డబ్బాతో సహా ఒక్కటిచ్చింది. ఆ మనిషి అక్కడికక్కడే కూలబడిపోయాడు. ముసలాయన. మొహం తెల్లగా పాలిపోయి ఉంది, కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది. కళ్ళజోడు ఎక్కడో పడింది. చేతిలో మాత్రం, క్యాలెండరు అట్ట సగం చిరిగి వేలాడుతూ, తన పుస్తకం. బస్సు దిగేటప్పుడు సంచీలోంచి జారిపోయినట్టుంది.

అర్థం కావడానికి ఆవిడకి రెప్పపాటు కూడా పట్టలేదు. కానీ అప్పటికే సైకిల్ షాపాయన వచ్చేశాడు, పళ్ళమ్మే ఆవిడ వచ్చేసింది, ఎక్కణ్ణించి ఊడిపడ్డారో మరో పదిమంది.

"ఏంటక్కా, వెంటపడ్డాడా?"

ముసలాయన పుస్తకం పైకెత్తి, "ఇది... ఆవిడది... పడిపోతే..." అంటున్నాడు. మాట కూడదీసుకోలేక రొప్పుతున్నాడు. సైకిల్ షాపాయన ఆ పుస్తకం లాక్కుని క్యాలెండరు కాగితం పూర్తిగా పీకేశాడు. చొక్కా లేని మగాడు, కత్తి పిల్ల బయటపడ్డారు. జనం మెడలు చాచి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అక్కా, ఈ పుస్తకం నీదా?"

అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి.

"నాది కాదు," అంది సూదక్క.

ఆ మాటతో అంతా తారుమారైంది. "ఈ వయసులో ఇలాంటి పుస్తకాలు పట్టుకుని ఆడవాళ్ళ వెనక తిరుగుతావా?" అని సైకిల్ షాపాయన ముసలాయన చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంకొకడు కాలర్ పట్టుకుని లేపాడు. పళ్ళావిడ పుస్తకం తీసి ఆయన మొహాన కొట్టింది. "నువ్వెళ్ళు అక్కా, మేం చూసుకుంటాం" అన్నారు. సూదక్క వెళ్ళింది. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూస్తే, ఆయన వంగి రోడ్డు మీద చేత్తో తడుముకుంటున్నాడు, కళ్ళజోడు కోసం కాబోలు.

ఇంట్లో మొగుడు డబ్బా చూసి, "సొట్టపడిందేంటి?" అన్నాడు. "కింద పడింది" అంది. మంచం మీద పడుకున్నా, ఆ తడుముకునే చెయ్యే కనపడింది.

తర్వాత రెండు మూడు రోజులు బస్సు ఒక స్టాపు ముందే దిగి చుట్టుతిరిగి ఇంటికి పోయింది. పుస్తకాల కొట్టు వైపు తలే తిప్పలేదు.

ఒక పొద్దున ల్యాబులో తర్వాతి పేరు పిలిచి, చీటీ చూసుకుంటూనే, "కూర్చోండి, చొక్కా చెయ్యి మడవండి" అంది. తల ఎత్తితే ఆయనే. కనుబొమ్మ మీద పట్టీ, కళ్ళజోడుకి దారం కట్టు. పక్కన ఆయన చెల్లెలు.

ఆయనా గుర్తుపట్టాడు.  సూదక్క చెయ్యి ముందుకు చాపగానే, ఒక్కసారి కుర్చీలో వెనక్కి ముడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో పసిపిల్లలు సూదిని చూసి ముడుచుకోవడం చూసిందిగానీ, తనని చూసి ఒక మనిషి ముడుచుకోవడం ఎప్పుడూ చూడలేదు.

"మా అన్నయ్యకి ఒంట్లో రక్తం నిలవదమ్మా, ఎప్పటికప్పుడు ఎక్కించాల్సిందే," అని చెల్లెలు అందుకుంది. "ఆ కాస్త రక్తాన్నీ మొన్న వీధిలో కార్పించింది ఎవత్తో మహాతల్లి! ఏదో పుస్తకం పడేసుకుని పోతుంటే ఇద్దామని ఆయాసపడుతూ వెంటపోయాడట. కండక్టరు పని చేసినన్నాళ్ళూ ఎవరేం మర్చిపోయినా ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చిన మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని..."

"ఊరుకోవే," అన్నాడు ఆయన.

సూదక్క సూది గుచ్చింది. నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చింది. దొరకలేదు.  సూది ట్రేలో పెట్టేసి, నిలబడింది.

"ఆ మహాతల్లిని నేనేనండీ," అంది. "పుస్తకం నాదే."

 ముసలాయన తన మోచేతి మీద దూదిని చూసుకుంటూ అన్నాడు: "కొట్టినందుకు కాదమ్మా. భయపడ్డారు, కొట్టారు. బస్సులో ఆడవాళ్ళు పడే భయం నేను చూడంది కాదు. కానీ ఆ తర్వాత వాళ్ళు నీదా అని అడిగారు చూడండి..." ఆ పైన చెప్పలేదు. చెబితేనే నయంగా ఉండేది సూదక్కకి.

చెల్లెలు మాత్రం ఊరుకోలేదు. "బాగుందమ్మా! కొట్టించింది వీధిలో, ఒప్పుకునేది ఈ నాలుగు గోడల మధ్యనా? మా అన్నయ్య ఆ సందులోంచి నడవలేక చుట్టూ తిరిగి వస్తున్నాడు. నీకేం, చేతులు కడుక్కుని పోతావు."

తనూ చుట్టూ తిరిగే పోతున్నానని చెప్పబోయి, సూదక్క ఆ మాట మింగేసింది. ఆయన తిరగడం వేరు, తను తిరగడం వేరు.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళిద్దరినీ బతిమాలి సందులోకి తీసుకొచ్చింది. ఆయన వద్దంటే వద్దన్నాడు, చెల్లెలే రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. సైకిల్ షాపాయన చక్రానికి గాలి కొడుతున్నాడు.

పుస్తకాల్లో ఆ పిల్ల నిజం చెప్పేటప్పుడు గాలికి జుట్టు ఎగురుతుంది, ఎదుటివాళ్ళు నోరెళ్ళబెడతారు. ఇక్కడ సూదక్కకి చెమటలు పట్టాయి. గొంతు పిల్లికూతలా వచ్చింది. మొదటిసారి చెబితే సైకిల్ షాపాయనకి వినపడలేదు కూడా.

"ఏంటక్కా?"

"ఆ పుస్తకం నాదేనయ్యా! పెద్దాయన ఇవ్వడానికొచ్చాడు. సిగ్గేసి నాది కాదన్నాను. ఈయన తప్పేం లేదు."

పళ్ళావిడ బండి వదిలేసి దగ్గరికొచ్చింది. నలుగురూ మూగారు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పింది. వెనకెవడో కుర్రవెధవ, "అయితే ఆ కత్తి పిల్లవి నువ్వేనా అక్కా!" అన్నాడు. గొల్లున నవ్వారు. ఆవిడ తల దించుకునే నిలబడింది.

నవ్వనిది సైకిల్ షాపాయన ఒక్కడే. పంపు కింద పడేసి, "అప్పుడే చెప్పొద్దా? నా చేత కొట్టించావే! మా నాన్న వయసు మనిషిని!" అని ఆవిడ మీద గయ్యిమన్నాడు. గబగబా లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి, పైగుడ్డతో తుడిచి, ముసలాయన్ని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. సూదక్క వంక మళ్ళీ చూడలేదు.

కబురు ఆవిడకంటే ముందే ఇల్లు చేరింది. మొగుడు టీవీ వైపు చూస్తూ రెండుసార్లు మీసం కింద నవ్వుకున్నాడు. కూతురికి మాత్రం కోపం ముంచుకొచ్చింది.

"చదివితే ఏమైందమ్మా? నేనూ చదువుతాను. నాది అని ఒక్క మాట అనుంటే మహా అయితే నవ్వేవాళ్ళు. అంతే కదా?"

"అంతేనే," అంది సూదక్క. "ఆ నవ్వుకే భయపడ్డాను."

ముసలాయన ఆ తర్వాత కూడా రక్తం ఎక్కించుకోవడానికి వస్తూనే ఉన్నాడు. ఒకసారి, ఆ రోజు రోడ్డు మీంచి ఏరి తీసుకెళ్ళిన పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అట్ట వేసి ఇవ్వలేదు, బాహాటంగా, బల్ల మీద అందరి ముందూ పెట్టాడు.

"పనేం లేక మొత్తం చదివానమ్మా," అన్నాడు. "నేనూ నలుగురి రక్తంతో బతుకుతున్నవాణ్ణే కదా, వాడి బాధ నాకు బాగానే అర్థమైంది. ఆ పిల్ల కూడా మంచిదే. కాకపోతే అది చెయ్యెత్తేముందు ఎదురుగా ఉన్నదెవరో ఒకసారి చూస్తుంది. మీరు ఆ పేజీలు తొందరగా తిప్పేసినట్టున్నారు."

హాస్యానికే అన్నాడు. తనూ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఇప్పుడు ఆయన వస్తే సూదక్క చేతికే చెయ్యి ఇస్తాడు, ముడుచుకోడు. చెల్లెలు మాత్రం అలా కాదు. ఆ మధ్య డాక్టరు ఆమెకీ ఏదో రక్తపరీక్ష రాశారు. సూదక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, పక్క కుర్చీ ముందే వరసలో చాలాసేపు నిలబడి, కొత్తగా చేరిన పిల్ల చేత, అది మూడుచోట్ల గుచ్చినా సరే, పళ్ళ బిగువున తీయించుకుని వెళ్ళింది. ఇటు రమ్మని పిలవడానికి సూదక్కకి నోరు రాలేదు.