రాటలకు పూసిన ఎర్ర నూనె

ఈ రోజు మా మిషన్ ఆసుపత్రి కారు మొరాయించింది. దొరసాని డాక్టరు తన దేశం వెళ్లిపోతూ మాకు వదిలిన కారది. క్లచ్ ఉండదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. రాయగడలో అలాంటిది ఇంకొకటి లేదు.

కాన్పు కష్టమైన ఒకామెను కొరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని వెనక సీట్లో పడుకోబెట్టాం. ఇంజను అరిచిందే కానీ చక్రం కదల్లేదు. మందుల కోసం వచ్చిన జేకేపూర్ కాగితం మిల్లు ఇంజినీరొకాయన గేరుపెట్టెలో నూనె చూసే కడ్డీ బయటికి లాగి, “లారీ గేరునూనె పోశారే! దీనికి పల్చటి ఎర్ర నూనె ఉంటేనే బండి కదులుతుంది” అన్నారు.

నిన్న నూనె మార్చిన మెకానిక్ అప్పలస్వామిని పిలిపించాం.

“పాత నూనె ఏటి చేసేవు?” అని అడిగాను.

“నీల్లలాగ పల్చగుంటే సెడిపోనాదనుకున్నాను సిస్టరమ్మా. ఊరకే పారబోయడమెందుకని, సెదలు పట్టకుండా మన ఆసుపత్రి పాక రాటలకి పూసేసేను.”

చివరికి ఆమెను బియ్యం లారీలో బస్తాల మీద పడుకోబెట్టి పంపాం. చీకటి పడింది, ఇంకా కబురు లేదు.

ఆ ఎర్ర నూనె ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా రాటలకు మాత్రం ఈ ఏడు చెదల భయం లేదు.