ఎండకు మొహమాటం లేదు

మా చిన్నమ్మ పోయిన వారం చనిపోయింది. పొద్దున్నే ఆమె కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయినాదక్కా," అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కట్టేసి అక్కడే నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ముందు కోపమే వచ్చింది. నేనడిగినదానికి జవాబు చెప్పకుండానే పోయిందే అని.

రాజంపేట వైపు పెళ్ళయిన ఆడపిల్లల్లో చాలామందికి ఆమె చేతులు తెలిసే ఉంటాయి. బస్టాండు వెనక సందులో, మిద్దె మీద ఆమె బ్యూటీ పార్లర్. మా అమ్మకు సొంత చెల్లెలు. అమ్మ తెలుపు, చిన్నమ్మ నలుపు. నేను అమ్మ కడుపున పుట్టి చిన్నమ్మ రంగు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు "పిల్ల కళగానే ఉండాది గానీ..." అని ఆపేవాళ్ళు. ఆ మిగిలిన మాట చిన్నమ్మ అందుకునేది.

"కాకిపిల్ల కాకికి ముద్దు. నేను కాకిని, ఇది నా పిల్ల. మధ్యలో మీకేమప్పా కష్టం?"

నన్ను అలా వెనకేసుకొచ్చిన మనిషి మా వాళ్ళలో ఇంకొకరు లేరు.

బడి సెలవులన్నీ నేను ఆ పార్లర్‌లోనే గడిపాను. పెళ్ళికూతురి వాళ్ళు మేకప్ మాట్లాడుకోవడానికి వస్తే చిన్నమ్మ మొదట చీర రంగు అడిగేది కాదు, షామియానా రంగు అడిగేది. ఆరుబయట పెళ్ళిలో ఎండ ఆ గుడ్డలోంచి దిగి మొహం మీద పడుతుంది. ఎర్రగుడ్డ కింద ఎంత మంచి మేకప్ చేసినా ఫోటోలో జ్వరం తగిలినట్టే ఉంటుందని ఆమె గొడవ. తెల్లగుడ్డ కట్టిస్తానని ఒప్పుకునేదాకా పిల్ల తండ్రిని వదిలేది కాదు. నలుగు పెట్టిన రోజున ఫౌండేషన్ ఎంచేది కాదు. పసుపు ఛాయ పూర్తిగా దిగాక, పిల్లను గడప బయట ఎండలో నిలబెట్టి, దవడ మీద చుక్క రాసి చూసేది. చర్మంలో కలిసిపోయి కనపడకుండా పోయిన రంగే ఆ పిల్లకు. ఇంకొంచెం తెల్లగా చెయ్యమని ఎవరైనా అడిగితే నవ్వేది.

"ట్యూబులైటుకు మొహమాటం ఉంటాది గానీ ఎండకు ఉండదమ్మా. లేని తెలుపు పూస్తే ఫోటోలో బూడిద పూసినట్ల ఉంటాది. నీ రంగులోనే నిన్ను శానా బాగ చూపిస్తా, గమ్ముండు."

ఎవరికో చెప్పిన ఆ మాట నేను దాచుకున్నాను. కాలేజీలో ఎవరైనా నా రంగు మీద జోకు వేస్తే, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి దాన్నే తలుచుకునేదాన్ని.

నా పెళ్ళి కడప బయట ఒక తోటలో జరిగింది. మండు వేసవి, మిట్టమధ్యాహ్నానికి దగ్గరగా ముహూర్తం. తెల్ల షామియానా చిన్నమ్మే దగ్గరుండి కట్టించింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఐసు ముక్కను గుడ్డలో చుట్టి మొహమంతా అద్దుతోంది. అప్పుడు నాకు అత్త కాబోయే ఆమె గదిలోకి వచ్చింది.

"పాప రోంత తెల్లగ కనపడల్లమ్మా. మావోళ్ళంతా ఫోటోలు చూస్తారు."

నేను అద్దంలో చిన్నమ్మ వైపు చూశాను. ఇప్పుడు నవ్వుతుంది, ఎండ సంగతి చెబుతుంది అనుకున్నాను.

"అట్లనే వదినా," అంది చిన్నమ్మ.

కళ్ళు మూసుకోమంది. తెరిచేసరికి అద్దంలో ఎవరో ఉన్నారు. "చిన్నమ్మా, ఇది నేను కాదు," అన్నాను. "గమ్ముండు పాపా, ఫోటోలో బాగుండల్ల గదా," అని నా బాసికం సర్దింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? తల వంచుకుని పోయి పీటల మీద కూర్చున్నాను.

ఆల్బమ్ వచ్చింది. అంతా ఆమె చెప్పినట్టే ఉంది, బూడిద పూసినట్టు. ఒక ఫోటోలో చిన్నమ్మ నా గడ్డం పట్టుకుని చెమట అద్దుతోంది. ఆ మొహం దగ్గర నా రంగులో ఉన్నది ఆమె చెయ్యి ఒక్కటే.

ఆల్బమ్ పట్టుకుని రాజంపేట పోయి అడిగాను, ఎందుకలా చేశావని.

"ఆ ఇంట్లో బతకాల్సినదానివి నువ్వు. మొదటి దినమే ఆయమ్మ మాట కాదంటే నిన్ను సాధిస్తాదని బయపడితి."

"మరి ఇన్నేండ్లు నువ్వు చెప్పిందంతా ఏంది చిన్నమ్మా? మన రంగు నీకు నిజంగా ఇష్టమేనా?"

ఆమె దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ ఉండిపోయింది.

మా అత్త నన్ను సాధించిందీ లేదు. నెల తిరక్కముందే నా రంగు సంగతే మర్చిపోయింది, నేనే మర్చిపోలేకపోయాను. నాకు కూతురు పుట్టింది, అదీ మా రంగే. చిన్నమ్మ ఒళ్ళో వేసుకుని "కాకిపిల్ల..." అని మొదలుపెట్టగానే పిల్లను తీసేసుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. పిల్లకు జ్వరమొస్తే మొదటి బస్సుకు మిరియాల కషాయంతో దిగిందీ ఆ చిన్నమ్మే. ఆమె చేసిపెట్టింది తిన్నాను, ఆమె చేత తల దువ్వించుకున్నాను, మొహం మాత్రం ముట్టుకోనివ్వలేదు.

రాజంపేట చేరేసరికి ఆమెకు స్నానం చేయించి మొహానికి పసుపు రాశారు. ఆ పసుపు కింద ఆమె రంగు ఆమెదే. చూడలేక బయటికొచ్చాను. వాకిలి పక్కన అప్పుడే ఫ్లెక్సీ కడుతున్నారు. అందులో ఉన్నది ఎవరో నాకు ఒక క్షణం తెలియలేదు. మొహం, మెడ, చేతులు అన్నీ తెల్లగా ఉన్నాయి.

తమ్ముడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది.

"షాపులో రోంత తెల్లగ చెయ్యమంటినక్కా. ఫోటోలో బాగుండల్ల గదా."

అప్పుడొచ్చింది ఏడుపు. ఎండ నిప్పులు కురిపిస్తోంది, ఆ తెలుపుకు చెమట పట్టదు, అది కారదు. దగ్గరికి పోయి, కాలుతున్న ఆ చెంప మీద చెయ్యి ఆనించాను. ఆ మొహం దగ్గర ఆమె రంగులో ఉన్నది నా చెయ్యి ఒక్కటే.