వార్త స్టూలు మీద సరంగు

మా దీవి రేడియో తాళ్ళ కొట్టు మీది గదిలో ఉంటుంది. గోడలకు పాత బొంతలు కొట్టి ఉంటాయి, మైకుకు చంటిపిల్లల మేజోడు తొడిగి ఉంటుంది. వార్తలప్పుడు చప్పుడని ఫ్యాను కట్టేస్తారు కాబట్టి చదివే పిల్ల చెమటతో తడిసి ముద్దవుతుంది. ఆ పిల్ల మా ఎదురింట్లో ఉండే, లాంచీ నడిపే సరంగు గారి కోడలు. దీవంతా ఆమెను రేడియో కోడలనే పిలుస్తుంది. ఎవరింట్లో పాప పుట్టినా, ఎవరి మేక తప్పిపోయినా ఆమె నోటి నుంచే అందరికీ తెలియాలి. నాకు మాత్రం ముందే తెలుస్తుంది, అది వేరే సంగతి.

ఆ రేడియోకు ఒక పద్ధతి ఉంది. ఎవరి వార్త అయితే వాళ్ళు మైకు పక్కన స్టూలు మీద కూర్చోవాలి. తప్పు చదివితే అక్కడే చేయి ఎత్తాలి. అందుకే రేడియో మాటంటే మాకంత గురి.

ఆ పద్ధతి ఒక్కసారే తప్పింది. లాంచీ ఇసుక మేటకెక్కి కదలకుండా నిలిచిపోయిన రోజది. రేవులో జనం కంగారుపడుతున్నారని, స్టూలు ఖాళీగా ఉండగానే కోడలు చదివేసింది: "సరంగు దారి తప్పడంతో లాంచీ మేటకెక్కింది. అందరూ క్షేమం." నీళ్ళు పెరిగాక మామగారు ఇంటికొచ్చారు. ఆ పూట నుంచి కోడలితో మాట లేదు, ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదు.

పాపం, ఆ పిల్లకు ఆయనతోనే పని పడింది. ఇంజన్లు రాకముందు తెడ్లు వేస్తూ పాడిన పడవ పాట మొత్తం వచ్చింది ఆయన ఒక్కరికే. ఆదివారం పాటల కార్యక్రమంలో అది వినిపించాలని ఆమె ఆశ. "పిన్నీ, ఆ గొంతు రికార్డు చేయకపోతే నేనిక్కడ కూర్చుని ఏం లాభం?" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకొకటి మింగుడుపడలేదు. కళ్ళకు గంతలు కట్టినా రేవు చేర్చే మనిషి పట్టపగలు దారి తప్పడమేమిటి? ఆ రోజు లాంచీలో ఉన్న టైలరమ్మ దగ్గరికి, బాగున్న జాకెట్టే వదులు చేయమనే వంకతో వెళ్ళాను.

"మేమే పాడమని వెంటపడ్డాం పిన్నీ," అంది, కుట్లు విప్పుతూ. "మూడో చరణంలో గొంతు ఎత్తేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటారు. తెరిచేసరికి ఇసుకలో ఉన్నాం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

"నువ్వు చెప్పలేదులే. నేను విన్నానంతే."

సరంగు గారు అరుగు మీద చుక్కాని బోల్టుకు గ్రీజు పూస్తున్నారు. "అన్నయ్యా, మూడో చరణం అంత బాగుంటుందా?" అన్నాను.

ఆయన చేయి ఆగింది. "నీ చెవులకు తలుపులు పెట్టించాలి చెల్లెమ్మా. అమ్మాయి చదివింది తప్పు. నేను దారి తప్పలేదు."

"అయితే వెళ్ళి చేయి ఎత్తు."

"ఎత్తితే పాట సంగతి చెప్పాలి. సరంగు కళ్ళు మూసుకున్నాడంటే రేపు నా లాంచీ ఎవరెక్కుతారు?"

"ఎక్కక ఈదుకుంటూ పోతామా? ఉన్నది ఒక్క లాంచీ."

ఆయన మళ్ళీ బోల్టుకు గ్రీజు పూయసాగారు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెట్లెక్కి, వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నేనూ ఉన్నాను, ఉండకుండా ఎలా. కోడలు మైకు సంగతే మరిచి ఆయనకేసి చూస్తూ ఉండిపోయింది. దీవంతా కాసేపు ఏమీ వినపడక రేడియోలు తట్టి చూసిందట. తర్వాత ఆమె పాత వార్తే మళ్ళీ మొదలుపెట్టింది. "సరంగు దారి తప్పడంతో" అనగానే మామగారి చేయి లేచింది.

"దారి తప్పలేదమ్మాయ్. పాట పాడుతూ కళ్ళు మూసుకున్నాను. అసలు వార్త అది."

"తప్పు దిద్దుకుంటున్నాం," అంది కోడలు, నవ్వు ఆపుకుంటూ. "ఏ పాటో శ్రోతలకు చెప్తారా మామయ్యా?"

"చెప్పేదేముంది, పాడేస్తాను. ఇక్కడ మేటలు లేవు కదా."

పాడారు. మూడో చరణంలో హాయిగా కళ్ళు మూసుకున్నారు. కింద కొట్టులో తాళ్ళు కొలిచే చేతులు ఆగిపోయాయి.

ఇప్పుడు లాంచీలో మూడో చరణం రాగానే ప్రయాణికులందరూ నీళ్ళకేసి కాపలా కాస్తారు. కోడలు రోజూ వార్తల చివర చదువుతుంది: "లాంచీ వేళకే బయలుదేరుతుంది. సరంగు గారి కళ్ళు తెరిచే ఉన్నాయి." అది చదివేదాకా మామగారు స్టూలు దిగరు. పద్ధతి పద్ధతే.