గుసగుసల ఇంగ్లీషు

డెబ్భైల్లో మాట. డిగ్రీ పూర్తయినా ఏ ఆఫీసుకూ నా అవసరం కలగని రోజులవి. సాయంత్రాలు శాలిబండ దగ్గరి లైబ్రరీలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పెద్దవాళ్లంటే, చివరిదాకా నిలిచింది ఒక్క ఖాసిం భాయే. పన్నెండేళ్లుగా ఓ సర్కారు ఆఫీసులో ఫైళ్లు మోస్తున్న ప్యూను. అక్కడి రికార్డు గదిలో గుమాస్తా కుర్చీ ఖాళీ అయింది. ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పగలిగితే అది ఆయనదే.

మా లైబ్రేరియన్ నిశ్శబ్దం దగ్గర రాజీపడని మనిషి. అందుకని ఆర్నెల్లు మా పాఠం గుసగుసల్లోనే సాగింది.

ఇంటర్వ్యూకు తోడు వెళ్లి తలుపు బయట నిలబడ్డాను. ప్రశ్నలు వినిపిస్తున్నాయి గానీ జవాబులు లేవు. "లౌడర్!" అని ఆఫీసరు మూడుసార్లు కసిరాడు. ఆ మాట నేను నేర్పలేదు. లైబ్రరీలో దాని అవసరం రాలేదు. ఐదు నిమిషాల్లో ఆయన్ని బయటికి పంపేశారు.

"అన్నీ సహీ చెప్పిన సార్," అన్నాడు ఖాసిం భాయ్.

"మరి గట్టిగ ఎందుకు చెప్పలే భాయ్?"

"ఇంగ్లీషు గట్టిగ మాట్లాడంగ నేనెన్నడన్న విన్ననా సార్? అది గట్లనే ఉంటదనుకున్న."

మర్నాటి నుంచి పాఠం అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డుకు మారింది. బస్సుల లొల్లిని మించి ఆయన ఇంగ్లీషులో అరుస్తుంటే జనం నన్ను జాలిగా చూసేవారు. అంతలో నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది.

ఆయనకు మళ్లీ పిలుపు వచ్చిందో లేదో తెలియదు. ఇప్పటికీ ఏ ఆఫీసుకు వెళ్లినా, పని లేకున్నా రికార్డు గదిలోకి తొంగి చూస్తాను. కుర్చీలో ఇప్పటిదాకా వేరేవాళ్లే ఉన్నారు.