గవాచి మీద బండ

మా మామకు పొగ పడదు. యాభై నాలుగులో నేను ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చినప్పుడు అత్త నాకు చెప్పిన మొదటి సంగతి అదే. చెబుతూ దగ్గింది. చెప్పడం అయ్యాక కూడా దగ్గుతూనే ఉంది.

మాది మట్టి మిద్దె. వంటింటి కప్పులో పొగ పోవడానికి ఒక కంత ఉంటుంది, దాన్నే గవాచి అంటాం. వాన వస్తే మీద బండ జరిపి, వెలిశాక తీస్తారు. మా మామ తీయలేదు. సాయంత్రమైతే ఆయన మిద్దె మీద స్నేహితులతో పులిజూదం ఆడేవాడు. పొగ వాళ్ల కళ్లలో పడుతోందని ఆరేళ్ల కిందట మూసిన బండను అలాగే ఉంచేశాడు. కింద అత్త పత్తికట్టె ఊదుకుంటూ జొన్నరొట్టెలు కాల్చేది. ఆయనకు రొట్టె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి రావాలి. ఒక్కొక్కటే పట్టుకుని ఆమె పొగలోంచి పంచలోకి, పంచలోంచి పొగలోకి తిరిగేది.

దగ్గు ముదిరితే నంద్యాలలో డాక్టరుకు చూపించాం. పొయ్యన్నా మార్చండి, పొగకు దారన్నా చూపండి, ఇలాగే ఉంటే ఈమె దక్కదు అన్నాడాయన. బజారులో ఇత్తడి పంపు స్టవ్వు చూపించి, కొనమని మామను అడిగాను.

"అది పేల్తే? చీరకు అంటుకుంటే ఎవురు దిక్కు?"

"అయితే బండ తీయండి మామా."

"పైన మనుషులు కూచోవద్దా?" అన్నాడు.

స్టవ్వు భయం ఉత్తదని నేననను. పంపు ఎక్కువ కొట్టి చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను. కానీ ఎప్పుడో పేలబోయే స్టవ్వు కనిపించిన మనిషికి, రోజూ ఎదురుగా దగ్గే పెళ్లాం కనిపించలేదు. మా ఆయన తండ్రి ముందు నోరెత్తడు. నాకు ఆ రోజే కక్ష పుట్టింది. దాన్ని కోపం అని చిన్నది చేయను.

అత్త గోస్పాడులో చెల్లెలి ఇంటికి వెళ్లేదాకా కాచుకున్నాను. ఆమె అటు బండి ఎక్కగానే ఇటు కట్టె మీద చెంబెడు నీళ్లు చల్లాను. మా ఆయనకు సద్ది కట్టి చేనికి పంపాను.

"ఒక్కదాన్నే మామా. రొట్టె తట్టేదా, పంచలోకి తెచ్చేదా? చల్లారితే మీరు తినరు. పొయ్యి కాడికే రాండి" అన్నాను.

వచ్చి కూర్చున్నాడు. మొదటి రొట్టెకే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏందమ్మా ఇంత పొగ?"

"ఎప్పుడూ ఉండేదే మామా. ఇంకోటి వేస్తా, కూచోండి."

నా కళ్లూ మండాయి. ఆ మంట నాకు హాయిగా ఉండింది. నాలుగు రొట్టెలు తినే మనిషి మూడో రోజుకు రెండింటితో లేచాడు. ఐదో రోజు చేతిలో తుంచిన ముక్క పళ్లెంలో పడేసి, దగ్గుతూ నిచ్చెనెక్కాడు. నెత్తి మీద బండ జరుగుతున్న చప్పుడు వింటూ నేను పొయ్యి ముందు కూర్చుని నవ్వుకున్నాను.

వారం తర్వాత అత్త వచ్చి, పొయ్యి మీద పడుతున్న ఎండ చూసి నిలబడిపోయింది. జరిగిందంతా చెప్పాను. తన మొగుణ్ణి అలా ఏడిపించానని తిడుతుందనుకున్నాను. ఆమె పిండి తడుపుతూ, "ఎన్ని దినాలు కూచున్యాడు?" అని అడిగింది.

"ఐదు."

ఆమె పిండి ముద్ద చేసి, తలెత్తి గవాచి వైపు చూసింది.

"నాకు ఒక మాట చెప్పి పంపింటే, ఆయన్ని అప్పుడే బండ తీయనీయొద్దని నీకు చెప్పి ఇంకో నెల ఆడనే ఉంటాంటి గదమ్మా" అంది.