మూడో నంబరు పొట్లం

డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాళ్ళ చేతిలో స్టీరింగు ఉండదు. పక్క సీట్లో కూర్చుంటారు. కాళ్ళ దగ్గర వాళ్ళకంటూ ఒక బ్రేకు మాత్రం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు తొక్కీ తొక్కీ అలా నేర్పే ఒకాయనకి బ్రేకు మాస్టారన్న పేరు స్థిరపడిపోయింది. బస్సెక్కినా, భార్య స్కూటరు వెనక కూర్చున్నా, ఆఖరికి టీవీలో కార్లు గుద్దుకుంటున్నా ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కేస్తుంది. చెప్పుల జతలో ముందు అరిగేదెప్పుడూ కుడిదే.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆయన చెప్పే పాఠం ఒకటే. "సొంత తెలివి ఇంట్లో పెట్టి రండి. పుస్తకంలో ఉన్నది చెయ్యండి, చాలు." ఆయన శిష్యుల్ని ఊళ్ళో ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు. పచ్చలైటు పడ్డాక కూడా, అది నిజంగా పచ్చగానే ఉందా అని కాసేపు ఆగి చూసుకునేవాళ్ళే వాళ్ళు. వెనకవాళ్ళ హారన్లు ఆ స్కూలుకి ఉచిత ప్రచారం.

వంటింట్లో కూడా మాస్టారిది పక్కసీటే. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని, "కూరలో ఉప్పు కాస్త తగ్గినట్టుంది," అని ఓసారి బ్రేకు తొక్కి ఊరుకునేవారు. బండి నడిపేది భార్య. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పగటి డ్యూటీ ఉన్నన్నాళ్ళూ సంసారం సాఫీగానే సాగింది. తోటి ఉద్యోగి కాన్పు సెలవు పెట్టడంతో ఆవిడ్ని ఆర్నెల్లపాటు సాయంత్రం డ్యూటీకి మార్చారు. రాత్రి భోజనం వేళకి ఇంట్లో మాస్టారూ, ఫ్రిజ్జూ మిగిలారు.

మొదటివారం బ్రెడ్డు తిన్నారు. రెండోవారం దాన్ని కాల్చుకు తిన్నారు, ఆ సంగతి కారులో శిష్యులకి కాస్త గర్వంగానే చెప్పుకున్నారు. ఆ కబురు ఎవరి నోటో పడి అక్కగారి చెవిలో చేరింది.

అక్కగారు చిన్నప్పుడు ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన మనిషి. వాడికి నడక వచ్చాక కూడా మనసులో కిందికి దించలేదు. వెంటనే ఫోన్ చేసింది.

"ఒరేయ్, నేనొచ్చేస్తున్నా. మీ ఆవిడ డ్యూటీ మారేదాకా నీ దగ్గరే."

అక్కగారు రావడమంటే మాటలు కాదు. కిందటిసారి పదిరోజులు ఉండి, మరదలి వంటిల్లంతా "సర్ది" వెళ్ళింది. అప్పుడు మాయమైన తురుముపీట ఈ రోజుకీ దొరకలేదు. మాస్టారి భార్య ఈ వార్త విని కోప్పడలేదు. అందుకే భయం వేసింది మాస్టారికి.

"వదినని రానివ్వండి, పాపం," అంది. "నేను నైట్ డ్యూటీకి రాసిచ్చేస్తా. పర్మనెంటుగా."

అటు అక్క మనసు నొప్పించకూడదు, ఇటు భార్య రాత్రిళ్ళు ఇంట్లో ఉండాలి. ఇలాంటి నాలుగురోడ్ల కూడలిలో ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. అలా గింజుకుంటున్న రోజుల్లోనే స్కూలు ఎదుటి బస్టాపులో ఆయనకి ఒక ప్రకటన కనపడింది: "వంట మీది, బాధ్యత మాది."

వంట నేర్చుకుంటున్నా, కొన్నాళ్ళు ఆగమని అక్కకి చెప్పి, మాస్టారు ఆ కంపెనీకి ఫోన్ చేశారు. మర్నాటికల్లా ఇంటికో అట్టపెట్టె వచ్చింది. ఇద్దరికి సరిపడా వంటకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఉల్లిపాయ ఒకటి. వెల్లుల్లి రెబ్బ ఒకటి, దానికో సొంత సంచీ, సంచీ మీద దాని పేరు. సూదిమందులా చిన్న సీసాలో నూనె. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసిన మసాలా పొట్లాలు. పైన ఒక రంగుల కార్డు. వంటకం పేరు "సంధ్యవేళ పుట్టగొడుగుల విందు". దాని కింద వరసగా మెట్లు: శుభ్రమైన బాణలి తీసుకోండి. మంట మధ్యస్థంగా ఉంచండి. ఒకటో పొట్లం వెయ్యండి. కలపండి.

కార్డు చదువుతుంటే మాస్టారి కళ్ళు చెమర్చాయి. వంటిల్లనే ఈ అరాచకానికి ఎవరో మహానుభావుడు ఇన్నాళ్ళకి ట్రాఫిక్ రూల్సు రాశాడు.

పెట్టెల్లో మంచి లేదని ఎవరూ అనలేరు. సాయంత్రం ఏం వండాలన్న చర్చ లేదు. కొత్తిమీర కట్ట ఫ్రిజ్జులో నల్లబడి చావడం లేదు. గుడ్డు పగలగొట్టడమే రాని మనిషి, నెల తిరక్కుండా పుట్టగొడుగుల్ని విందు చేయగలిగాడు, తినగలిగే విందే. ఇక చెడుకొస్తే, చెత్తబుట్ట రోజూ పొంగిపొర్లేది. చిటికెడు మిరియాల పొడికి ఒక ప్లాస్టిక్ సంచీ, ఆ సంచీ నలగకుండా ఇంకో సంచీ. పెట్టెతోపాటు వచ్చే ఐసు ప్యాకెట్లు పారెయ్యడానికి మనసొప్పక ఫ్రీజర్లో దాచారు. కొన్నాళ్ళకి ఫ్రీజర్లో ఐసుకి తప్ప దేనికీ చోటు లేదు. వీధిలో ఎవరి కాలు బెణికినా మాస్టారింటికే పంపేవారు. పైగా పెట్టె ఇద్దరికి. భార్య ఆస్పత్రి క్యాంటీన్లో తింటుంది. రెండోమనిషి వాటా పారెయ్యమని కార్డులో లేదు కాబట్టి అదీ మాస్టారే తినేవారు. సీటుబెల్టు రెండుసార్లు వదులు చేసుకోవాల్సి వచ్చింది.

ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ ఉండేది: "మీ ఆత్మీయులకి మా కానుక, తొలి నెల ఉచితం." మాస్టారు వాటిని కిటికీ పక్కన మేకుకి గుచ్చి పెట్టేవారు.

"డబ్బాలో వచ్చింది వేడి చేసుకుంటే దాన్ని వంట అనర్రా," అంది అక్కగారు ఫోన్లో.

"వేడి చెయ్యడం కాదక్కా. నిజంగా వండుతున్నా."

"సరే, శనివారం అందరం వస్తాం. వండి పెట్టు. నేను కుర్చీలోంచి కదలను. కదిలి గరిటె పట్టుకోవాల్సి వచ్చిందా, ఆదివారం పొద్దుటికి నా సూట్‌కేసు మీ ఇంట్లో ఉంటుంది."

ఇంతలో బావగారు ఫోనందుకున్నారు. "బావా, నా గురించి బెంగపెట్టుకోకు. మీ అక్క ఆర్నెల్లేం ఖర్మ, ఏడాదైనా నీ దగ్గరుండనీ. నేను ఎలాగోలా బతుకుతా." అంత త్యాగం బావగారి గొంతులో మునుపెన్నడూ పలికింది లేదు. మాస్టారికి అనుమానం రావలసిందే. కానీ ఆయన అద్దంలో చూసేది వెనక వచ్చే బళ్ళనే.

శనివారానికి అక్క, బావ, మేనకోడలు, దాని కవల ఆడపిల్లలు, తనూ కలిపి ఆరుగురు. మూడు పెట్టెలు తెప్పించారు. భార్య డ్యూటీకి బయల్దేరుతూ బల్ల మీద వాటిని చూసింది.

"మూడూ కలిపి ఒకే గిన్నెలో వండెయ్యండి."

"ఇద్దరికి అని రాసుంది."

"రెండు మూళ్ళు ఆరే కదండీ."

"మంటా, టైమూ ఇద్దరికే రాశారు. ఆరుగురికి రాయలేదు. బోర్డు లేని రోడ్డెక్కమంటావా?"

లోపల ఏమీ కనపడని ఎక్స్‌రేని చూసినట్టు ఆయన్ని ఓ క్షణం చూసి, ఆవిడ వెళ్ళిపోయింది.

సాయంత్రం అందరూ వచ్చారు. అక్కగారు వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పరీక్ష అధికారి ఠీవి అంతా ఉంది, చేతిలో రాసుకునే అట్ట మాత్రం లేదు.

మాస్టారు మొదటి పెట్టె విప్పారు. కార్డు గోడకి ఆనించి, పైకి చదువుకుంటూ, చదివింది చేసుకుంటూ, ఇద్దరి వంట ముగించారు. నిమ్మకాయ సగం పిండమని ఉంటే సగం పిండి, మిగతా సగం గట్టు మీద బోర్లించారు. పిల్లలిద్దరికీ వడ్డించారు. వాసన ఇల్లంతా పరుచుకుంది. అక్కగారి కనుబొమలు కొంచెం లేచాయి.

తర్వాత మాస్టారు బాణలి తోమారు. తుడిచారు. వెలుతురుకి ఎత్తి చూశారు. రెండో పెట్టె విప్పారు.

"మామయ్యా, ఏం చేస్తున్నావు?" అంది మేనకోడలు.

"శుభ్రమైన బాణలి తీసుకుంటున్నా."

"అంటే, మళ్ళీ మొదట్నించా?"

"ఇది రెండో పెట్టెమ్మా."

మేనకోడలు తల్లి వంక చూసింది. అక్కగారు ఒళ్ళో సంచీని గట్టిగా పట్టుకుంది. "నేను లేవను," అంది, ఎవరూ అడక్కుండానే.

ఉల్లిపాయ మళ్ళీ తరిగారు, కళ్ళనీళ్ళు మళ్ళీ పెట్టుకున్నారు. గట్టు మీద రెండో నిమ్మచెక్క మొదటిదాని పక్కన చేరింది. అప్పటికి పిల్లలు తినేసి, చేతులు కడుక్కుని, మళ్ళీ ఆకలంటున్నారు. రెండో వంట బావగారికీ, మేనకోడలికీ. బావగారు మాత్రం గబగబా తినేసి, "పాపం ఒక్కడే కష్టపడుతున్నాడు, సాయం చేస్తా," అని వంటింట్లోకి దూరారు. మూడో పెట్టెలోవి ఒక్కొక్కటే తీసి గట్టు మీద పేర్చారు. తన ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఆ సాయం చెయ్యాలని ఆయనకి తోచలేదు, అంతే.

మూడో వంట అక్కా తమ్ముళ్ళకి. పుట్టగొడుగులు సగం మగ్గాయి. మాస్టారు కార్డు చూశారు: మూడో పొట్లం వెయ్యండి. గట్టు మీద ఒకటుంది, రెండుంది. మూడు లేదు. పెట్టె బోర్లించారు. చెత్తబుట్ట తవ్వారు. స్టౌ ఆపేశారు. గరిటె పట్టుకుని ఎర్రలైటు దగ్గర నిలబడ్డట్టు నిలబడిపోయారు.

"అయ్యో, మూడోది పెట్టడం మర్చిపోయినట్టున్నారు వెధవలు," అన్నారు బావగారు సానుభూతిగా. "ఇంకేం చేస్తాం. మీ అక్కని పిలుద్దామా?"

"ఏమైందిరా?" అంది అక్కగారు కుర్చీలోంచి.

"మూడో పొట్లం లేదక్కా."

"అందులో ఏముంటుంది?"

"రాయలేదు. మూడు అని మాత్రమే ఉంటుంది."

అక్కగారి పాదాలు నేల మీద సర్దుకున్నాయి. లేవబోతోందని అందరికీ తెలిసిపోయింది. ఒక చెయ్యి కుర్చీ మీద ఆన్చింది కూడా. తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడబోయే ముందు చూసిన చూపే. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎందుకో ఆవిడకే తెలియాలి.

"మొదటి విడతలో పిల్ల ప్లేట్లోంచి ఓ ముక్క రుచి చూశాన్లే. ఏముంటుందిరా అందులో, ఉప్పూ, మిరియాలూ. ఇంట్లో ఉన్నవి వెయ్."

"మనింట్లో ఉంటాయా?"

మేనకోడలు నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి వెళ్ళింది. మాస్టారు ఆస్పత్రికి ఫోన్ చేశారు. అవతల భార్య ఎవరికో ఎక్స్‌రే తీస్తోంది.

"ఊపిరి గట్టిగా పీల్చండి," అంది.

మాస్టారు పీల్చారు.

"అలాగే బిగపట్టండి."

బిగపట్టారు. మొహం ఎర్రబడింది.

"ఆ, ఇక వదలండి. చెప్పండి, ఏంటి ఈ టైములో?"

"ఉప్పెక్కడుంటుంది?" అన్నారు, వదులుతూ.

"మనింట్లోనా?" అంది ఆవిడ. "స్టౌ పక్కన నీలం డబ్బాలో. మిరియాల పొడి దాని వెనక."

ఆయన ఇందాకట్నించి మోచెయ్యి ఆన్చుకున్నది ఆ డబ్బా మీదే.

"ఎంత వెయ్యను అక్కా?"

"చూసి వెయ్."

"ఏం చూసి?"

"నీ మొహం చూసి. వెయ్, నేను చాలంటాను."

అక్కగారు కుర్చీలోంచే నడిపింది. చాలు. కలుపు. మంట తగ్గించు. ఇంకొంచెం తగ్గించు, మాడ్చేస్తావా ఏం. మాస్టారు జీవితంలో మొదటిసారి కార్డు చూడకుండా వండారు. మూడో నిమ్మకాయలో మిగతా సగం కూడా పిండమంటే భయం భయంగా పిండారు. అక్కా తమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కార్డు చూసి వండేదానికన్నా బాగుందని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది, ఎవరూ అనలేదు.

"పరవాలేదురా," అంది అక్కగారు, ప్లేటు తుడుచుకుని తినేశాక. "ఇంక నీకు నా అవసరం లేదన్నమాట." నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు కళ్ళదాకా ఎక్కలేదు.

మాస్టారు ఆవిడ ప్లేటు తీస్తుండగా, కవలల్లో ఒకతి తాత ఒళ్ళోకి ఎక్కి జేబులో చెయ్యి పెట్టింది. తాత జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లుంటాయి. ఆ పూట చేతికి ఇంకేదో తగిలింది.

"తాతా, మూడంటే ఇదేనా?" అంది పొట్లం మీది అంకె చూపిస్తూ, అంకెలు కొత్తగా నేర్చుకున్న ఆ పిల్ల.

మాస్టారి కుడికాలు నేలని తొక్కింది.

"ఇదెలా వచ్చింది మీ జేబులోకి?" అంది అక్కగారు.

"ఏమో, పొరపాట్న..."

"కాళ్ళొచ్చి ఎక్కిందా?"

బావగారు పైకప్పు వంక చూశారు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది తప్ప సాయమేమీ లేదు.

"ఏడాదైనా ఉండనీ అంటే, నేను లేకపోతే మీకు తోచదేమోనని ఏడ్చానండీ ఆ రోజు," అంది అక్కగారు. అరవలేదు. పిల్ల చేతిలోంచి పొట్లం తీసుకుని తన సంచీలో వేసుకుంది. అప్పుడు లేచింది.

"అక్కా, లేచావు," అన్నారు మాస్టారు, కంగారులో నోరుజారి.

"భోజనమయ్యాక లేచానులేరా. నువ్వే గెలిచావు." వంటింట్లోకి వెళ్ళి గట్టు మీది నిమ్మచెక్కలు రెండింటినీ చూసి నిట్టూర్చింది. కిటికీ దగ్గర ఆగింది. "ఈ చీటీలేంటి?"

"ఆత్మీయులకి తొలి నెల ఉచితమట."

మేకు నించి ఒక చీటీ లాగి, భర్త వంక ఒకసారి చూసి, మిగతావీ లాగేసింది. సంచీలో పెట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మీ ఆవిడతో చెప్పు. తురుముపీట పై అరలో పాత కుక్కర్లో ఉంది," అంది. బావగారు వెనకే నడిచారు, లైసెన్సు రద్దయిన మనిషిలా.

అక్కగారి సూట్‌కేసు రాలేదు. మాస్టారి భార్య నైట్ డ్యూటీకి రాసివ్వలేదు. తురుముపీట దొరికిన ఆనందంలో ఆ వారం క్యారెట్లు తురిమి తురిమి పెట్టింది. మాస్టారికి ఇప్పుడు ఉప్పెక్కడుంటుందో తెలుసు. పెట్టెలు వారానికి రెండుకి తగ్గాయి.

తర్వాతి శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. బావగారు. గొంతు బాగా తగ్గించి, గుసగుసగా మాట్లాడుతున్నారు. వెనక ఏదో చిటపటమంటోంది.

"బావా, మీ ఇంట్లో ఎక్కడైనా మూడో నంబరు పొట్లం మిగిలి ఉందా? మా పెట్టెలో మళ్ళీ రాలేదు. వారంలో ఇది నాలుగోసారి. కంపెనీ వాళ్ళనడిగితే పెట్టామని ఒట్టేస్తున్నారు."

వెనక నించి అక్కగారి గొంతు తాపీగా వినిపించింది. "ఎవరితోనండీ కబుర్లు? మంట తగ్గించండి. ఇంకొంచెం తగ్గించండి."

అక్క చేతిసంచీలో ఓసారి చూడు బావా, అందామనుకున్నారు మాస్టారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుడికాలితో నేలని గట్టిగా నొక్కి, ఆగిపోయారు.