దిగు అన్న మాట

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు స్ప్రింగు మేడం. మనిషి మాత్రం ఆ పేరుకు పూర్తిగా వ్యతిరేకం. నెమ్మదిగా నడుస్తుంది, కోపం కూడా నెమ్మదిగానే వస్తుంది. స్ప్రింగులతో గుడ్డ బిగించిన ట్రాంపొలిన్ ఎక్కగానే పల్టీలు కొట్టేయాలని వచ్చే పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లడమే ఆమె మొదటి పాఠం. మధ్య గీత మీద నిలబడాలి, చూపు అంచు మీద ఉంచాలి, చిన్నగా ఎగరాలి. ఆమె "దిగు" అనగానే, పాదాలు గుడ్డకు తగిలిన క్షణంలోనే మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాపి, కదలకుండా ఆగిపోవాలి. అది వచ్చాకే మోకాళ్లు గుండెకు తెచ్చుకుని ఎగరడం, కూర్చున్నట్టు పడి మళ్లీ లేవడం, ఆపైన అన్నీ వరసగా కలపడం.

"గెంతడం కప్పకైనా వచ్చు. మీరు ఆగడం నేర్చుకోండి" అని ఆటపట్టించేది. ఆమె చేతిలో ఏ పిల్లకూ దెబ్బ తగలదని పేరు. ఆ పేరే ఆమెకు అన్నం పెట్టింది.

ఆమె అక్క కూతురు చేరిన రోజు, ఆ పిల్ల వచ్చేసరికే క్లాసు సగమైపోయింది. పిల్ల ముఖంలో ఆత్రం చూసి, ఎంత మేడం అయినా పిన్ని కదా, మనసు కరిగింది. పాఠం తర్వాత చెప్పొచ్చులే అని ఎక్కించేసింది. పిల్ల బాగానే ఎగిరింది గానీ, ఎగిరేకొద్దీ మధ్య గీత వదిలి పక్కకు జరిగిపోతోంది. పిన్ని అలవాటు కొద్దీ "దిగు!" అని అరిచింది.

మంచం దిగు, బండి దిగు, గోడ దిగు. ఇంట్లో పిల్లలు వినే దిగు అదే కదా! ఆ పిల్ల బుద్ధిగా అంచు దాటి గాల్లోంచి నేల మీదకు దూకేసింది. మోకాలు చితికిపోయింది.

హాలు నడిపే పెద్దమనిషి పరుగున వచ్చి, ఎందుకు దూకావని అడిగాడు. ఏడుపులో పిల్లకు మాట రాలేదు. "మేడం చెప్పింది వినుండదు" అని ఆయనే తేల్చేశాడు. పిన్ని నోరు మెదపలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, అక్క దూరమవుతుంది. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు గడిచిపోయింది, తర్వాతివీ గడిచిపోయాయి. పిరికితనానికి ఇంతకంటే మంచి పేరు పెట్టడం నాకు చేతకాదు.

ఆ కాలు ఇక పూర్తిగా వంగదని డాక్టరు చెప్పాడు. పిన్ని రోజూ సాయంత్రం వెళ్లి మంచం పక్కన కూర్చునేది. అక్క మందులిస్తూ కూతుర్ని తిట్టేది. "పిన్ని మాట వినుంటే ఇలా మంచాన పడేదానివా?"

ఒకరోజు అక్క బట్టలు మడతపెడుతుంటే, పిల్ల మెల్లగా అడిగింది. "పిన్నీ, కాలు బాగయ్యాక మళ్లీ నేర్పిస్తావా? ఈసారి నువ్వు చెప్పినట్టే వింటా. అప్పుడు వినలేదుగా, అందుకే పడ్డా."

ఏం జరిగిందో పిల్లకే గుర్తులేకుండా చేసేశారు అందరూ.

"లేదమ్మా, నువ్వు విన్నావు. నేను దిగమన్నాను, నువ్వు దిగావు. అక్కడ ఆ మాటకు ఆగమని అర్థం. అది నీకు నేను నేర్పలేదు."

అక్క చేతులు ఆగిపోయాయి. అరిచి ఉంటే బాగుండేది.

"రోజూ నీ ఎదురుగానే దీన్ని తిట్టానే" అంది అక్క. "నువ్వు ఇక్కడే కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ విన్నావు."